వణుకు ప్రేవులలో పుట్టునా?

పార్కిన్సన్ వ్యాధి మెదడులో గాక ప్రేవులలో పుట్టునను మాట ఇటీవల పలువురి నోట వినవచ్చుచున్నది. చేతులు వణకుట, నడక మందగించుట, ముఖము కదలిక లేక బిగిసిపోవుట అను లక్షణములు గల ముదుసలికి బంధువులు చెప్పు హితవులో ఇప్పుడు మాత్రలకంటె ముందు మజ్జిగయు, పీచు పదార్థమును, కడుపు శుద్ధియు వచ్చుచున్నవి. ఇందు కొంత నిజము లేకపోలేదు. అయితే ఈ ఒక్క మాటలో మూడు వేర్వేరు ప్రతిపాదనలు కలిసిపోయి యున్నవి. వ్యాధి బయటపడుటకు చాలకాలము ముందే ప్రేవుల పని చెడుననుట ఒకటి. వ్యాధి అక్కడనే పుట్టి మెదడునకు ఎగబ్రాకుననుట రెండవది. తిండి మార్చినచో వ్యాధి ఆగుననుట మూడవది. మొదటిదానికి గట్టి సాక్ష్యము కలదు. రెండవదానికి సగము సాక్ష్యము కలదు. మూడవదానికి ఇంతవరకు దొరికినది బహు స్వల్పము. మొదటిదానిని చూపి మూడవదానిని నమ్మించుట జరుగుచున్నది. చిక్కంతయు అక్కడ నున్నది.

ఇది పండితుల తగవు మాత్రమే కాదు. ఈ మాటను నమ్మి లెవోడోపా మాత్రను మానినవాడు కొలది దినములలో మంచము పట్టవచ్చును. ఆ మందును హఠాత్తుగా ఆపినప్పుడు శరీరము కొయ్యవలె బిగిసి, తీవ్రమైన జ్వరము వచ్చి, ప్రాణాపాయము కలిగిన సందర్భములు వైద్య గ్రంథములలో కలవు. మాంసకృత్తులు ఈ జబ్బుకు పడవని విని పప్పును, పాలను, గ్రుడ్డును విడిచిన వృద్ధుడు, వణుకు తగ్గుట అటుండగా, ఉన్న బలమును పోగొట్టుకొనును. కావున ఏ మాటకు ఎంత బరువు కలదో తూచి చూడవలసి యున్నది.

వ్యాధి స్వరూపము ముందు తెలిసికొనవలెను. మెదడు అడుగు భాగమున నల్లని రంగు గల కణముల గుంపు ఒకటి కలదు. దానికి సబ్‌స్టాన్షియా నైగ్రా అని పేరు. ఆ కణములు డోపమిన్ అను రసాయనమును తయారుచేసి పంపును. కాలు ఎత్తుట, చేయి చాచుట వంటి కదలికలు తడబాటు లేక సాగుటకు అది కావలెను. ఆ కణములు నశించి డోపమిన్ బాగుగా తరిగిపోయిన తరువాతనే వణుకు, బిగువు కనిపించును. ఈ లోపమును 1960లో వియన్నా నగరమున ఎహ్రింగర్, హార్నికీవిచ్ అను ఇరువురు రోగుల మెదళ్లలో కొలిచి చూపిరి. చచ్చుచున్న కణములలో కనిపించు ముద్దలను అంతకు చాల ముందే, 1912లో, లెవీ అను జర్మను వైద్యుడు గుర్తించెను. ఆ ముద్దలలో ప్రధానముగా ఉన్నది ఆల్ఫా సిన్యూక్లిన్ అను మాంసకృత్తు అని 1997లో తెలిసెను. మామూలుగా విడివిడిగా ఉండవలసిన ఈ పదార్థము వంకరగా ముడుచుకొని ఒకదాని కొకటి అంటుకొనుటయే వ్యాధికి మూలమని నేటి శాస్త్రజ్ఞులలో అధిక సంఖ్యాకుల అభిప్రాయము.

లెవీ ఆ ముద్దలను మొదట చూచిన చోటులలో ఒకటి వేగస్ నాడికి మూలస్థానము. ఈ నాడి మెదడు కాండమునుండి బయలుదేరి గుండెను, ఊపిరితిత్తులను తాకుచు కడుపునకును, ప్రేవులకును పోవును. ప్రేవులపై అనుమానము పొడసూపుటకు ఇదియొక కారణము. మరియొక కారణము ఇంకను పాతది. 1817లో లండనులో జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని గూర్చి వ్రాసిన చిన్న గ్రంథములోనే రోగుల మలబద్ధకము ప్రస్తావింపబడినది. కడుపు, ప్రేవులు చెడుటవలన వెన్నుపాము పై భాగమున వికారము పుట్టవచ్చునేమో అని కూడ ఆయన తలపోసెను. సంబంధము ఎట్లు కలుగునో తనకు తెలియదనియు ఒప్పుకొనెను. ఆయన వర్ణించినవారు ఆరుగురు. అందు కొందరు వీధిలో ఎదురుపడినవారే. ఒక్క శవపరీక్షయైనను లేదు. అయినను ఆయన వర్ణన నేటికిని నిలిచినది, కారణమును గూర్చిన ఊహ నిలువలేదు. క్రొత్త కనుగోలుగా ప్రచారమగుచున్న ఈ ప్రేవుల వాదమునకు ఆ విధముగా 200 సంవత్సరములు దాటినవి.

ఊహ వేరు, నిరూపణ వేరు అని చూపుటకు సికిందరాబాదు ఉపాధ్యాయుడు దూరదేశముల ఉదాహరణలు వెదకనక్కరలేదు. మలేరియాకును దోమకును సంబంధము కలదని పాట్రిక్ మాన్సన్ లండనులో ఊహించెను. ఆయన చూపిన దిక్కు సరియైనదే, దారి మాత్రము తప్పు. దోమ నీటిలో పడి చచ్చును, ఆ నీరు త్రాగినవానికి జ్వరము వచ్చును అని ఆయన తలపు. రొనాల్డ్ రాస్ 1895లో సికిందరాబాదులో దోమలు చచ్చిన నీటిని కొందరిచే త్రాగించి చూచెను. ఒకరికి కొద్దిపాటి జ్వరము కనిపించినను మరల చేసిన ప్రయోగములలో ఆ ఫలితము నిలువలేదు. 1897 ఆగస్టు 20న అదే ఊరిలో, రోగి రక్తము త్రాగిన మచ్చల రెక్కల దోమ యొక్క కడుపు గోడలో ఆయన మలేరియా క్రిమిని చూచెను. అయినను ఆ క్రిమి దోమనుండి తిరిగి ప్రాణిలోనికి ఎట్లు పోవునో తేలలేదు. 1898లో కలకత్తాలో పక్షులపై చేసిన ప్రయోగములతో, కుట్టునప్పుడు దోమ ఉమ్మితో పోవునని తెలిసెను. మాన్సన్ ఊహను అక్షరాలా నమ్మి జనులు త్రాగునీటిని వడబోసికొనుచు దోమతెర లేక నిద్రించి యుండినచో మలేరియా ఒక్క పిసరైనను తగ్గియుండెడిది కాదు. దోమ దోషియే యగుట వారిని కాపాడదు.

ప్రేవుల వాదమును ఈ త్రాసులో తూచవలెను.

ముందుగా మలబద్ధకము. హవాయి దీవులలో జపాను సంతతికి చెందిన 6790 మంది పురుషులను 24 సంవత్సరములపాటు గమనించి 2001లో ఒక నివేదిక ప్రకటించిరి. దినమునకు ఒకసారియైనను విరేచనము కానివారికి, దినము ఒకసారి అగువారికంటె పార్కిన్సన్ వ్యాధి 2.7 రెట్లు ఎక్కువగా వచ్చెను. ప్రశ్న అడిగినది వ్యాధి రాకముందు. కావున రోగి తన జబ్బును బట్టి జవాబు మార్చి చెప్పెనను అనుమానమునకు తావు లేదు. తరువాత ఇతర దేశములలో చేసిన పరిశీలనలును ఇదే వైపు చూపినవి. వాసన తెలియకపోవుట, నిద్రలో కేకలు వేయుచు చేతులు విసరుట అనువానితోపాటు మలబద్ధకము కూడ వ్యాధికి ముందు వచ్చు సూచనలలో చేరినది.

అయితే ఆ లెక్కను విద్యార్థులు పూర్తిగా చదువవలెను. 6790 మందిలో ఆ కాలములో వ్యాధి వచ్చినవారు 96 మంది. వందకు ఇద్దరు కూడ కారు. అందు రెండు మూడు రెట్లు పెరిగినను మలబద్ధకము గల నూటికి తొంబదిమందికి పైగా ఈ వ్యాధి లేకయే యుందురు. నీరు చాలక, నడక లేక, కూర తక్కువై బాధపడు కోట్లమందిని ఈ మాట చెప్పి భయపెట్టుట అన్యాయము. మరియొక ముఖ్య విషయము: ముందు కనిపించినది కారణము కానక్కరలేదు. తెల్లవారుటకు ముందు కోడి కూయును. కోడి వలన సూర్యుడు రాడు. వ్యాధి మెదడు కాండములో రహస్యముగా మొదలై మొదటి దెబ్బ ప్రేవుల కదలికపై కొట్టినను ఈ లెక్క ఇట్లే వచ్చును.

రెండవ ప్రతిపాదన 2003లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్ చేసినది. ఆయన అనేక మెదళ్లను కోసి చూచి, ముద్దలు క్రిందినుండి పైకి వరుసగా వ్యాపించునట్లు కనిపించెనని చెప్పెను. వేగస్ మూలములోను, వాసనకు సంబంధించిన భాగములోను మొదట. నల్లని కణములలో తరువాత. మెదడు పై పొరలో చివర. ఏదో తెలియని కారకము ప్రేవుల గోడను దాటి, వేగస్ నాడి వెంట పైకి ప్రాకుచున్నదని ఆయన సూచించెను. గొప్ప ఊహ. పరీక్షకు నిలువగల విధముగా చెప్పబడినది, అది దాని మొదటి గుణము. అయితే శవపరీక్ష ఒక నిలుకడ చిత్రము. ఒక్కొక్క మెదడు ఒక్కొక్క దశలో ఆగిపోయి యుండును. వానిని వరుసలో పేర్చినది పరిశోధకుడు. ఈ వరుసకు లొంగని మెదళ్లును తరువాత చాల దొరకినవి. వేగస్ మూలము చెక్కుచెదరక పై భాగములు చెడినవి కూడ అందు కలవు.

నాడి త్రోవయే దారి అయినచో దారి తెంచి చూడవలెను. మనుష్యులలో అట్టి ప్రయోగము బుద్ధిపూర్వకముగా చేయరాదు. కాని పూర్వము కడుపులోని పుండ్లకు చికిత్సగా వేగస్ నాడిని కోయుచుండిరి. డెన్మార్కు దేశపు లెక్కలను బట్టి 2015లో ఒక బృందము, నాడి మొదలు కోసిన వారిలో 20 సంవత్సరములు గడచిన తరువాత వ్యాధి తగ్గినదని చెప్పెను. అదే దేశపు లెక్కలను మరల చూచిన మరియొక బృందమునకు నమ్మదగిన తేడా కనిపించలేదు. స్వీడనులో ఈ శస్త్రచికిత్స జరిగిన 9430 మందిని 2017లో పరిశీలించిరి. మొత్తముమీద తేడా లేదు. నాడి మొదలును కోసినవారిని, అందును 5 సంవత్సరములు గడచినవారిని వేరుచేసినప్పుడు మాత్రము వ్యాధి సుమారు 40 శాతము తక్కువ. ఒక తరగతి మార్కులలో తేడా లేదని తేలిన తరువాత కొన్ని బల్లల వారిని మాత్రము ఏరి తేడా చూపినట్లున్నదని విమర్శకు డనవచ్చును. ఆ విమర్శ కొంత కఠినము. మొదలును పూర్తిగా కోసినప్పుడే దారి మూసుకొనును గావున ఆ విభజనకు అర్థము కలదు. అయినను ఒకటి స్పష్టము. దారి తెగినవారిలో కూడ పలువురకు వ్యాధి వచ్చినది. వేగస్ ఒక త్రోవ కావచ్చును, ఏకైక మార్గము కాదు.

ఎలుకలలో ఫలితములు ఇంతకంటె స్ఫుటముగా నున్నవి. చెడిన ఆల్ఫా సిన్యూక్లిన్‌ను ఎలుక ప్రేవుల గోడలో సూదితో ఎక్కించినప్పుడు అది నెలల తరబడి మెదడునకు ప్రాకినదని, వేగస్ కోసినప్పుడు ప్రాకలేదని అమెరికాలో 2019లో చూపిరి. కాని ఎలుకకు పార్కిన్సన్ వ్యాధి తనంతట రాదు. సూదితో ఎక్కించిన పదార్థము ప్రాకగలదని తెలిసినదే గాని, మనిషిలో అది అక్కడ మొదట ఎట్లు పుట్టునో దానివలన తెలియదు. ఇటీవల డెన్మార్కు పరిశోధకులు మధ్యేమార్గము నొకటి చూపిరి. కొందరు రోగులలో వ్యాధి శరీరమునుండి మెదడునకు, మరికొందరిలో మెదడునుండి శరీరమునకు సాగుననుట వారి మతము. ఇది నిజమైనచో ‘పార్కిన్సన్ ప్రేవులలో పుట్టును’ అను వాక్యమునకు ‘కొందరిలో’ అను మాట తప్పక చేర్చవలెను. ప్రచారము చేయువారు విడిచిపెట్టుచున్నది సరిగా ఆ మాటనే.

ఇక ప్రేవులలోని సూక్ష్మజీవులు. 2015లో ఫిన్లాండు దేశములో 72 మంది రోగులను, రోగము లేని 72 మందిని పోల్చినప్పుడు రోగుల మలములో ప్రివోటెల్లా కుటుంబపు బాక్టీరియా 77.6 శాతము తక్కువగా కనిపించినది. ఈ లెక్క లోకమంతట వ్యాపించెను. కాని మలబద్ధకముతో నిదానముగా కదలు ప్రేవులలో సూక్ష్మజీవుల పొందిక దానంతట మారును. రోగి వాడు మందులును దానిని మార్చును. చెరువు ఎండుటవలన చేపలు చచ్చినవా, చేపలు చచ్చుటవలన చెరువు చెడినదా అను ప్రశ్న మిగిలియే యున్నది. పైగా ఈ ప్రివోటెల్లా ధాన్యములు, పప్పులు, కూరలు మెండుగా తిను జనుల ప్రేవులలో అధికము; భారతీయులలో పాశ్చాత్యులకంటె ఎక్కువగా నుండునని ఈ దేశపు పరిశీలనలు చూపినవి. జొన్నరొట్టె తిను మెదకు రైతు ప్రేవులను, రొట్టె వెన్న మాంసము తిను హెల్సింకి నగరవాసి ప్రేవులతో ఒకే కొలతన చూడరాదు. మలపరీక్ష చేయించి అందలి శాతములను బట్టి పార్కిన్సన్ రానున్నదో లేదో చెప్పుట నేటికి సాధ్యము కాదు. అట్లు చెప్పుటకు రుసుము పుచ్చుకొనువారు శాస్త్రమును దాటి పోవుచున్నారు.

2016లో అమెరికాలో జరిగిన ఎలుకల ప్రయోగము మరింత చెప్పుకోదగినది. ఆల్ఫా సిన్యూక్లిన్ అధికముగా తయారగు ఎలుకలను సూక్ష్మజీవులు లేకుండ పెంచినప్పుడు వాని కదలిక అంతగా చెడలేదు. రోగుల మలమునుండి సూక్ష్మజీవుల నెక్కించినప్పుడు ఎక్కువ చెడినది. ఇది అనుమానమును గట్టిపరచినది. అంతలో మనుష్యులలో పరీక్షలు జరిగినవి. ఆరోగ్యవంతుల మలమునుండి తీసిన సూక్ష్మజీవులను రోగుల ప్రేవులలో ప్రవేశపెట్టు ప్రయోగము బెల్జియములో 46 మందిపై జరిగి, ఒక సంవత్సరము తరువాత కదలికలో కొద్దిపాటి మేలు కనిపించెనని 2024లో ప్రకటింపబడినది. అదే సంవత్సరము ఫిన్లాండు నుండి వచ్చిన ఇట్టి పరీక్ష మేలేమియు లేదని చెప్పెను. మలేషియాలో కడుపులోని హెలికోబాక్టర్ క్రిమిని మందులతో తొలగించి చూచినప్పుడు (2020) వణుకు, బిగువు తగ్గలేదు. అక్కడనే మేలుచేయు బాక్టీరియాను ఇచ్చి చూడగా మలబద్ధకము తగ్గెను. అది తక్కువ మేలు కాదు. రోగిని అడిగిన తెలియును. కాని మలబద్ధకము తగ్గుట, వ్యాధి తగ్గుట ఒకటి కాదు.

ఆహారమునకును నరములకును సంబంధము లేదని ఎవరును అనరు. దానిని నిరూపించు తీరు ఎట్లుండునో సికిందరాబాదు ప్రక్కన తార్నాకలోనే ఒక చరిత్ర కలదు. 1918లో కూనూరులో మెకారిసన్ బెరిబెరి వ్యాధి పరిశోధనకు పెట్టిన చిన్న శాఖ పెరిగి పోషకాహార పరిశోధనాలయమై 1958లో ఇక్కడికి తరలివచ్చెను. 1969 నుండి దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు. తెలంగాణమున జొన్న తిని బ్రతుకు పేదలలో అప్పుడు పెల్లాగ్రా అను వ్యాధి కనిపించుచుండెను. ఎండ తగులు చోట్ల, మెడ చుట్టు, చేతులపై చర్మము నల్లబడి పొలుసులు లేచును. నాలుక మండును, విరేచనములు పట్టును. పిమ్మట నిద్ర పోవును, మనస్సు క్రుంగును, మాట తప్పును. చర్మము, ప్రేవులు, మెదడు మూడును ఒక్క తిండి లోపముతో చెడుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము దొరకదు.

పెల్లాగ్రా నయాసిన్ అను విటమిన్ కొరతవలన వచ్చునని అంతకుముందే తెలియును. అమెరికాలోను, ఐరోపాలోను అది మొక్కజొన్న తినువారి జబ్బు. మొక్కజొన్నలో నయాసిన్ ఒంటికి పట్టని రూపములో నుండును. శరీరము నయాసిన్‌గా మార్చుకొనగల ట్రిప్టోఫాన్ అను అమైనో ఆమ్లము కూడ అందు తక్కువ. కాని జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదు. మరి జొన్న తినువానికి ఈ వ్యాధి ఏల వచ్చును? జొన్నకును మొక్కజొన్నకును ఉమ్మడిగా నున్న గుణము వెదకి, రెండింటిలోను లూసిన్ అను అమైనో ఆమ్లము మితిమీరి యున్నదని సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతయ్య గుర్తించిరి. 1960లో వారి వ్యాసము లండను వైద్య పత్రిక లాన్సెట్‌లో వెలువడెను. (వియన్నాలో డోపమిన్ లోపము కనుగొన్నదియు అదే సంవత్సరము, ఈ రెండు పరిశోధనలకు సంబంధము కలుగునని అప్పుడు ఎవరును అనుకొని యుండరు. ఆ సంగతి చివర వచ్చును.) వారు ఊహతో ఆగలేదు. మనుష్యులకు, కుక్కలకు లూసిన్ ఇచ్చి నయాసిన్ తయారగు క్రమము ఎట్లు మారునో కొలిచిరి. తరువాత ఇతర దేశముల ప్రయోగశాలలు కొన్ని ఆ ఫలితములను ఒప్పుకొనలేదు. లూసిన్ పాత్ర పై తగవు పూర్తిగా తీరలేదు. కాని నయాసిన్ ఇచ్చినంతనే కొలది దినములలో నాలుక మంట తగ్గి, విరేచనములు కట్టి, మనస్సు తేరుకొనుట పై ఏ తగవును లేదు. పళ్లెములో జొన్న తగ్గి ఇతర ధాన్యములు చేరిన కొలది ఆ వ్యాధి అరుదైనది.

పెల్లాగ్రాకు ఆహార వ్యాధి అను పేరు ఈ పరీక్షలన్నిటి తరువాత వచ్చినది. లోపించిన వస్తువు తెలిసినది, ఇచ్చిన తగ్గినది, ఆపిన మరల వచ్చినది. పార్కిన్సన్‌లో లోపించిన ఆహారమని చూపగలది ఏదియు లేదు. ఇచ్చి వ్యాధిని త్రిప్పిన ఆహారమును లేదు.

ఆహారమును గూర్చి ఎక్కువగా చెప్పబడు పరిశీలన కెనడా నుండి 2021లో వచ్చినది. ఆకుకూరలు, చిక్కుడు జాతి గింజలు, ముడి ధాన్యములు, చేపలు ఎక్కువగాను, వెన్న, మిఠాయి, వేపుళ్లు తక్కువగాను తిను రోగులలో వ్యాధి ఆలస్యముగా మొదలైనదని, స్త్రీలలో ఆ తేడా 17 సంవత్సరముల వరకు కలదని అందు వ్రాసిరి. పదిహేడేండ్లు! ఏ మందును ఇవ్వలేని ఫలము. ఇంత పెద్ద సంఖ్య వచ్చినప్పుడు సంతోషమునకు ముందు సంశయము కలుగవలెను. పరిశీలనలో రోగులు 167 మంది. తిండిని గూర్చి అడిగినది వ్యాధి వచ్చిన తరువాత. ఎప్పుడో నలుబదవ యేట వ్యాధి వచ్చినవాడును, డెబ్బదవ యేట వచ్చినవాడును నేడు తిను తిండిని పోల్చి, తిండి వలన ఆ తేడా కలిగెననుట ఎట్లు? వాసన పోయినవానికి రుచులు మారును, తీపిపై మక్కువ పెరుగును. వ్యాధియే తిండిని మార్చి యుండవచ్చును. ఆ ఆహారము మంచిదే. గుండెకు, మధుమేహమునకు దాని మేలు వేరుగా తెలిసినదే. తోటకూర పప్పు, జొన్నరొట్టె, వేరుసెనగ పచ్చడి దానికి దగ్గరివే. అందుకు తినవచ్చును. పార్కిన్సన్‌ను ఆపుటకు తినుచున్నాననుకొనుటకు ఆధారము చాలదు.

కొత్త మందును పరీక్షించునప్పుడు ఇంత సడలింపు ఎవరును ఇవ్వరు. పంజగుట్టలోని నిజాము వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన రూపం బొర్గొహైన్ మొదలగువారు సఫినమైడ్ అను మందును గూర్చి 2014లో ప్రకటించిన పరీక్షలో 669 మంది రోగులను చీట్లు వేసినట్లు విభజించి, ఎవరికి అసలు మందో ఎవరికి ఉత్తి మాత్రయో ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని తెలియకుండ 24 వారములు గమనించిరి. తిండికి ఉత్తి మాత్ర లేదు, అది నిజమే. జొన్నరొట్టె తినువానికి తాను తినునది తెలియకుండ ఉండదు. ఆ కష్టము పరిశోధకునిది. దాని పేరు చెప్పి రోగిని సగము సాక్ష్యముతో సరిపెట్టుకొమ్మనరాదు.

దూలగొండి గింజల సంగతి వేరు. వానిలో లెవోడోపా సహజముగానే కలదని 1937లోనే మదరాసులో దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపిరి. మెదడులో డోపమిన్‌గా మారునది ఈ లెవోడోపాయే. 1967లో కాట్జియాస్ అధిక మోతాదులలో వాడి చూపిన నాటినుండి ఈ వ్యాధికి ఇదియే ప్రధానమైన మందు. లండనులో 8 మంది రోగులపై 2004లో జరిగిన చిన్న పరీక్షలో దూలగొండి పొడి మాత్రవలె పనిచేసినది. కావున అది ‘ఆహార చికిత్స’ కాదు. అదియు మందే, మోతాదు తెలియని మందు. ఒక చెట్టు గింజకును మరియొక చెట్టు గింజకును అందలి లెవోడోపా మారును. మాత్ర వేసికొనుచునే ఈ పొడిని కూడ తినువాడు రెండింతల మందు తిని, వాంతులు, భ్రమలు, శరీరము మెలితిరుగుట తెచ్చుకొనును. మాత్రలో తోడుగా నుండు కార్బిడోపా లెవోడోపాను దారిలోనే వ్యర్థము కాకుండ కాపాడును. పొడిలో ఆ తోడు లేదు.

లెవోడోపా మెదడును చేరు త్రోవలోనే ఆహారమునకును ఈ వ్యాధికిని సందేహము లేని సంబంధము కనిపించును. సిద్ధాంతముల సందడిలో దీనిని పట్టించుకొనువారు తక్కువ. లెవోడోపా స్వయముగా ఒక అమైనో ఆమ్లము. చిన్నప్రేవుల గోడను దాటుటకు, పిమ్మట రక్తమునుండి మెదడులోనికి పోవుటకు దానికొక వాహకము కావలెను. పప్పు, పెరుగు, మాంసము జీర్ణమైనప్పుడు పుట్టు కొన్ని అమైనో ఆమ్లములును ఆ వాహకమునే ఎక్కును. వానిలో ముఖ్యమైనది లూసిన్. తార్నాకలో జొన్నను గూర్చిన పరిశోధనలో నిందితుడైన ఆ లూసినే ఇక్కడ రద్దీ బస్సులో సీటు ఆక్రమించుకొన్న ప్రయాణికుడు. రెండు పెసరట్లు తిని వెంటనే మాత్ర మింగినవాడు, మందు పనిచేయలేదని విసుగుకొనును. మందు ప్రేవులలోనే నిలిచి యుండును. కడుపు నిదానముగా ఖాళీ యగుట ఈ వ్యాధిలో మామూలు. అది ఆలస్యమును ఇంకను పెంచును. సూక్ష్మజీవుల పాత్రయు ఇచ్చట స్పష్టము. ప్రేవులలోని ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అను బాక్టీరియా తన ఎంజైముతో లెవోడోపాను మెదడు చేరకముందే డోపమిన్‌గా మార్చివేయునని 2019లో అమెరికాలోను, హాలెండులోను చూపిరి. అట్లు ముందే పుట్టిన డోపమిన్ మెదడులోనికి పోలేదు. కార్బిడోపా మనిషి ఎంజైమును ఆపునంతగా ఈ బాక్టీరియా ఎంజైమును ఆపలేదు. ఒకే మోతాదు ఒకరికి చాలి మరియొకరికి చాలకపోవుటకు ఇదియొక కారణము కావచ్చును.

అందువలన వైద్యులు మాత్రను భోజనమునకు అరగంట ముందు గాని, తరువాత గంట గడచి గాని మంచినీటితో వేసికొమ్మందురు. క్రొత్తగా మొదలుపెట్టినవారికి వికారము కలిగినచో రెండు బిస్కెట్లతో పుచ్చుకొనవచ్చును. మాంసకృత్తులను మానుట కాదు చేయవలసినది, వేళ మార్చుట. అదియు అందరికిని అక్కరలేదు. మందు ప్రభావము పగటి పూట హెచ్చుతగ్గులగు రోగులకు మాత్రమే పప్పు, గ్రుడ్డు, పెరుగులో ఎక్కువ భాగమును రాత్రి భోజనములోనికి జరుపుదురు. మలబద్ధకమునకు నీరు, ఆకుకూర, నడక, చాలనప్పుడు మందు. మాత్ర వేసికొన్న వేళ, తిన్న వేళ, తిన్న పదార్థము, కాళ్లు తేలికపడిన వేళ ఒక వారము పాటు నోటు పుస్తకములో వ్రాసి వైద్యునికి చూపినచో మోతాదు మార్చవలెనో, వంటింటి వేళ మార్చవలెనో ఆయన తేల్చగలడు. ఇంటిలో హైస్కూలు విద్యార్థి ఉన్నచో తాతగారి పక్షమున ఆ పట్టికను అతడే గీయగలడు: నాలుగు నిలువు గడులు, ఏడు అడ్డు వరుసలు.